పసిబిడ్డ తలలో నీరు: దారి వెదికిన కథ

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

మా పుంగనూరు అవ్వ పసిబిడ్డలకు నీళ్లు పోసేటప్పుడు చూడాలి. కాళ్లు బారజాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, అన్నిటికన్నా ముందు నడినెత్తిన ఇంత ఆముదం పెట్టి అరచేత్తో అద్దేది. ఎముక ఇంకా కలుసుకోని ఆ మెత్తటి చోటును మనం మాడు అంటాం గదా, అక్కడ వేలి కొసతో తాకి చూసి, "బిడ్డకు పాలు చాలినట్టు లేదే, మాడు గుంట పడింది" అని చెప్పేది. ఏ పుస్తకమూ చదవని మనిషి. కాని ఆ మాట ఈనాటి పిల్లల డాక్టర్లు కూడా ఒప్పుకునేదే. ఒంట్లో నీరు తగ్గితే మాడు లోపలికి పోతుంది.

అట్లాంటి అవ్వ ఒకనాడు మా వీధిలో ఒక బిడ్డ తల తాకి చూసి, మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చేసింది. ముప్ఫై అయిదేళ్ల కిందటి సంగతి. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. ఆ బిడ్డకు ఐదు నెలలు. తల పెద్దది. చూసినవాళ్లంతా "పెద్ద తల, రాజయోగం" అని మెచ్చుకుంటున్నారు. అవ్వ మాత్రం మా అమ్మతో, "మాడు టెంకాయలాగా బిగదీసుకుని ఉండాది. నల్లగుడ్లు కిందికి దిగిపోతా ఉండాయి. నాకేమో భయంగా ఉంది" అంది. ఆ ఇంటివాళ్లు తాయెత్తు కట్టించారు. ఎవరో చెబితే వాతలు కూడా పెట్టించారు. రెండు మూడు నెలలు అట్లా గడిచాక, బిడ్డ పాలు కక్కడం మొదలుపెడితే, దూరాన ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ తలలో గొట్టం వేశారు. బిడ్డ బతికాడు. చూపు మాత్రం లేదు.

"గొట్టం వేశారు, కళ్లు పోయినాయి" అని వీధంతా చెప్పుకుంది. ఆ తరవాత మా ఊళ్లో ఇంకో ఇంట్లో అట్లాంటి బిడ్డే పుడితే, "ఆ గొట్టం మాత్రం వద్దు" అని పెద్దవాళ్లు అడ్డుపడ్డారు. నేనూ చాలా ఏళ్లు గొట్టానిదే తప్పనుకున్నాను. ఈ రోజు మీకు ఆ గొట్టం కథ చెప్పాలనుకుంటున్నాను. అది ఎక్కడ పుట్టింది, మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పిల్లలకు ఎట్లా అందింది, దాని మీద పడిన నింద ఎంతవరకు నిజం అన్నది.

ముందు ఈ నీరేమిటో చూద్దాం. "మెదడులో నీరు చేరింది" అంటే రాకూడని నీరేదో బయటినుంచి వచ్చి చేరిందనుకుంటాం. అది సరికాదు. ఆ నీరు మీ తలలో ఉంది, నా తలలో ఉంది. మెదడు నడుమ నాలుగు చిన్న గదులున్నాయి. వాటిలో ఈ నీరు ఊరుతూ ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు దాదాపు అర లీటరు. కాని ఏ వేళ చూసినా లోపల ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే. అంటే ఊరిందంతా ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోతూ, రోజుకు మూడు నాలుగుసార్లు పాత నీరు పోయి కొత్త నీరు వస్తూ ఉంటుందన్నమాట. మూడో గదినుంచి నాలుగో గదికి పోవడానికి ఒక సన్నటి కాలువ ఉంది. అక్కడినుంచి నీరు బయటికి వచ్చి, మెదడు చుట్టూ వెన్నుపాము చుట్టూ తిరిగి, చివరికి రక్తనాళాలలో ఇంకిపోతుంది.

మా వైపు చెరువులకు మొరవ ఉంటుంది. చెరువు నిండితే ఎక్కువైన నీరు మొరవ మీదుగా పారిపోతుంది. మొరవ పూడిపోయిందనుకోండి, వాన ఆగకపోతే చెరువు కట్ట ఏమవుతుంది? తల విషయంలోనూ అంతే. ఎక్కడో ఒకచోట దారి మూసుకుపోతుంది, ఊట మాత్రం ఆగదు. పసిబిడ్డ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు కనుక తల పెరిగి పెరిగి ఆ ఒత్తిడిని కొంత ఓర్చుకుంటుంది. నాలుగేళ్ల పిల్లవాడికి ఆ సౌకర్యం లేదు. తల పెరగదు. తలనొప్పి, వాంతులు, మత్తు వస్తాయి. చూపునరం నలిగిపోతుంది. దీన్ని ఇంగ్లీషు వైద్యులు హైడ్రోకెఫాలస్ అంటారు. తలలో నీరు అనే అర్థం.

నీరు ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడానికే శతాబ్దాలు పట్టింది. పదహారో శతాబ్దంలో వెసేలియస్ అనే శరీరశాస్త్రజ్ఞుడు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రెండేళ్ల ఆడబిడ్డ తలను పరీక్షించి, నీరు చర్మానికీ పుర్రెకూ మధ్య కాదు, మెదడు గదుల లోపలే ఉందని రాశాడు. ఆ నీరు దాదాపు తొమ్మిది పౌన్లు ఉందట. అయినా చేయగలిగింది ఏమీ లేదు. సూదితో నీరు తీసేవాళ్లు. మళ్లీ ఊరేది. మళ్లీ తీసేవాళ్లు. చివరికి చీము పట్టి బిడ్డ పోయేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ, కెనెత్ బ్లాక్‌ఫాన్ అనే ఇద్దరు వైద్యులు కుక్కల మెదడులో ఆ సన్నకాలువను దూదితో మూసి చూశారు. వెనకాల గదులు ఉబ్బిపోయాయి. 1913లో ఆ సంగతి బయటపెట్టారు. అప్పటికి రోగం గుట్టు తెలిసింది. ఇక మందు? నీరు ఊరే కండనే తీసేస్తే పోదా అని 1918లో డాండీ ప్రయత్నించాడు. బిడ్డలు చాలామంది దక్కలేదు. 1923లో బోస్టన్‌లో మిక్స్టర్ అనే ఆయన, మూత్రాశయంలోకి పెట్టి చూసే గొట్టపు అద్దాన్ని తొమ్మిది నెలల పాప మెదడు గదిలోకి పోనిచ్చి, మూడో గది అడుగున చిన్న చిల్లు పొడిచాడు. నీరు ఆ చిల్లుగుండా పారింది. అద్భుతమైన ఆలోచన. కాని అప్పటి అద్దాలకు, అప్పటి దీపాలకు అది మించిన పని. ఆ విద్య అట్లాగే అటకెక్కింది. మళ్లీ ఎప్పుడు దిగిందో తరవాత చెబుతాను.

మూసుకున్న దారి తెరవలేకపోతే ఇంకో దారి వేయాలి. పాకాల జంక్షన్లో ఇంజను పెట్టెల్ని ఒక పట్టా మీదనుంచి ఇంకో పట్టా మీదికి తోయడాన్ని షంటింగ్ అంటాం చూడండి, వైద్యులూ దీనికి ఆ మాటే పెట్టుకున్నారు, షంటు అని. మెదడు గదినుంచి గొట్టం వేసి నీటిని ఒంట్లో ఇంకోచోటికి మళ్లించడం. ఎక్కడికి మళ్లించాలి అన్నదే పెద్ద చిక్కు. కడుపులోకి రబ్బరు గొట్టాలు వేసి చూశారు, మూసుకుపోయాయి. 1949లో బోస్టన్‌లో మాట్సన్ అనే శస్త్రవైద్యుడు ఏం చేశాడో వింటే మీకు ఒళ్లు జలదరిస్తుంది. బిడ్డకు బాగున్న మూత్రపిండాన్ని ఒకదాన్ని తీసేసి, వెన్నునుంచి గొట్టం తెచ్చి, ఖాళీ అయిన మూత్రనాళానికి కలిపాడు. తలలోని నీరు మూత్రంతో పోయేది. పిల్లలు బతికారు కూడా. కాని నీటితోపాటు ఒంట్లో ఉప్పంతా పోయేది. రెండు వాంతులైతే ప్రాణం మీదికి వచ్చేది. ఒక అవయవం కాపాడడానికి బాగున్న ఇంకో అవయవం బలి. అంతకన్నా దారి లేదని తల్లిదండ్రులు సరేనన్నారంటే, ఆ తల్లుల మనసు ఎట్లా ఉండి ఉంటుంది!

అదే 1949లో ఫిలడెల్ఫియాలో నల్సెన్, స్పిట్జ్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు మెడనరం గుండా గుండె దగ్గరికి గొట్టం వేసి, దాని మధ్యలో ఒక చిన్న కవాటం పెట్టారు. మన చేతిపంపులో తోలు వాల్వు ఉంటుంది గదా, నీరు పైకి రానిచ్చి కిందికి పోనివ్వదు, అట్లాంటిదే. తలలో ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. రక్తం వెనక్కి ఎక్కదు. ఈ కవాటమే అసలు మలుపు.

కవాటాన్ని పనికొచ్చేట్టుగా చేసింది మాత్రం డాక్టరు కాదు, ఒక తండ్రి. జాన్ హోల్టర్ అనే ఆయన తాళాలు చేసే కంపెనీలో పనివాడు. 1955లో ఆయనకు వెన్ను తెరుచుకుని ఒక కొడుకు పుట్టాడు. కేసీ అని పేరు. తలలో నీరు చేరింది. స్పిట్జ్ దగ్గరే వైద్యం. పెట్టిన కవాటాలు సరిగా పనిచేయడం లేదని విని, ఇంటికి పోయి తన పనిముట్లతో సన్నటి చీలికలున్న కవాటం తయారుచేశాడు. ఒంటికి సరిపడే పదార్థం కోసం వెదికి వెదికి, అప్పుడే కొత్తగా వచ్చిన సిలికోన్ రబ్బరును పట్టుకున్నాడు. 1956లో దాన్ని పిల్లలకు అమర్చడం మొదలుపెట్టారు. కేసీ ఎక్కువ కాలం బతకలేదు. కాని ఆ తండ్రి చేసిన కవాటం ప్రపంచమంతా వేలాది పిల్లల్ని బతికించింది.

ఇంకో తండ్రి కూడా ఉన్నాడు. పిల్లల కథలు రాసిన రోల్డ్ డాల్ పేరు మీ పిల్లలు చెబుతారు. 1960 డిసెంబరులో న్యూయార్కులో ఆయన నాలుగు నెలల కొడుకు పడుకున్న తోపుడుబండిని టాక్సీ గుద్దింది. తల పగిలి నీరు చేరింది. వేసిన గొట్టం మాటిమాటికీ మూసుకుపోయేది. ఆయన బొమ్మ విమానాలకు చిన్న పంపులు చేసే స్టాన్లీ వేడ్‌నూ, లండన్ పిల్లల ఆసుపత్రి శస్త్రవైద్యుడు కెనెత్ టిల్‌నూ కలిపి, 1962కల్లా ఇంకో కవాటం చేయించాడు. ముగ్గురూ లాభం తీసుకోలేదు. అది తయారయ్యేసరికి ఆయన కొడుక్కు దాని అవసరం తీరిపోయింది. పరాయి పిల్లలకు ఉపయోగపడింది.

ఇదంతా అమెరికా, ఇంగ్లండుల కథ. మన చిత్తూరు సీమకు వద్దాం. మనవైపు పిల్లల తలలో నీరు చేరడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. అది పుట్టుకతో వచ్చేది కాదు. క్షయ. మెదడు పొరలకు క్షయ సోకితే మెదడు అడుగున జిగురులాంటి చీము పేరుకుని, నీరు పోయే దారులన్నీ అట్టకట్టుకుపోతాయి.

మదనపల్లె అంటే ఇప్పుడు అందరికీ టమాటాలు గుర్తొస్తాయి. ఒకప్పుడు దేశమంతటా ఆ పేరు క్షయ ఆసుపత్రితో ముడిపడి ఉండేది. మిషన్లన్నీ కలిసి పెట్టిన శానిటోరియం 1915లో ఊరి బయట ఆరోగ్యవరంలో తెరిచారు. డెన్మార్కునుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని పెద్ద డాక్టరు. తరవాత ఆయన కొడుకు జోహన్నెస్ ఆ బాధ్యత తీసుకున్నాడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొట్టమొదట పరీక్షగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. తరవాత ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి, టీకా వేసినవాళ్లను, వేయనివాళ్లను పోల్చి చూశారు. ఈ రోజు మన బిడ్డ పుట్టగానే ఎడమ భుజం మీద వేసే టీకా వెనక మన పల్లెల జనం ఉన్నారన్నమాట. 1968లో చెంగల్పట్టు వైపు మొదలైన పెద్ద పరీక్షలో ఈ టీకా పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలినప్పుడు, ఇంకెందుకీ టీకా అన్నవాళ్లున్నారు. కాని పసిపిల్లల మెదడు క్షయను ఇది చాలావరకు అడ్డుకుంటుందని వేరే పరిశీలనల్లో తేలింది. నా మట్టుకు ఈ ఒక్క లాభం చాలు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. 1940ల చివరిదాకా మెదడు క్షయ వచ్చిన పిల్లలు దాదాపు అందరూ పోయేవాళ్లు. అప్పుడు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. పిల్లలు బతకసాగారు. బతికిన పిల్లల తలల్లో నీరు నిలవడం కనబడసాగింది. అంతకుముందు అంతదాకా బిడ్డ ఉంటేగదా! మందు పనిచేయడంతో గొట్టం అవసరం వచ్చింది. ఒక వైద్యం గెలిస్తే దాని వెనకనే ఇంకో వైద్యం కావలసి వచ్చిందన్నమాట.

అదృష్టవశాత్తు ఆ గొట్టం వేసేవాళ్లు మనకు దగ్గర్లోనే తయారయ్యారు. మదనపల్లెలో, పుంగనూరులో ఆసుపత్రులు పెట్టిన ఆర్కాటు మిషన్ కుటుంబాలలోనిదే ఐడా స్కడర్ దొరసాని. ఆవిడ 1900లో రాయవేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి అయింది. 1949లో అక్కడికి జేకబ్ చాందీ వచ్చాడు. కొట్టాయం మనిషి. కెనడాలో పెన్‌ఫీల్డ్ అనే మహావైద్యుడి దగ్గర మెదడు శస్త్రవిద్య నేర్చుకున్నాడు. ఆయన వేలూరులో పెట్టిందే మన దేశంలో మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగం. మరుసటి ఏడు మద్రాసులో బి. రామమూర్తి మొదలుపెట్టాడు. 1950ల నడుమ విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రిలో బాలపరమేశ్వరరావు మొదలుపెట్టాడు. కాని మన మూల వాళ్లకు విశాఖ ఎక్కడ, వేలూరు ఎక్కడ?

వేలూరుకు పోవడమూ అంత తేలికేం కాదు. మదనపల్లెవాళ్లు ఊరికి దూరంగా ఉన్న మదనపల్లె రోడ్డు స్టేషన్లో మీటర్ గేజి బండి ఎక్కి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగేవాళ్లు. పుంగనూరుకు రైలే లేదు, బస్సు పట్టుకోవాలి. కుప్పంవాళ్లకు బెంగుళూరు, మద్రాసు లైను మీద జోలార్‌పేట దాటి కాట్పాడి. ఒడిలో జ్వరంతో మూలుగుతున్న బిడ్డ. పనిపాటలు చేసుకునే కుటుంబాలు ఆ ప్రయాణానికి డబ్బు సమకూర్చుకునేసరికే వారం గడిచిపోయేది. అంతకుముందు తాయెత్తులకు, వాతలకు పోయిన రోజులు వేరే.

ఆ పోయిన రోజుల ఖరీదు ఎంతో వేలూరు వైద్యులు లెక్కగట్టారు. ఈ ప్రసంగంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. 1975 జూలైనుంచి 1986 జూన్ వరకు మెదడు క్షయతో తలలో నీరు చేరి, వేలూరులో షంటు వేయించుకున్న 114 మంది రోగుల్ని వాళ్లు తరవాత ఏళ్ల తరబడి గమనించారు. 1991లో అచ్చువేశారు. వచ్చినప్పటి స్థితిని బట్టి రోగుల్ని నాలుగు మెట్లుగా విడదీశారు. తలనొప్పి, వాంతులు, జ్వరం ఉన్నా తెలివి బాగుండి, కాళ్లుచేతులు ఆడుతున్నవాళ్లు మొదటి మెట్టు. తెలివి ఉండి, ఏదో ఒక అంగం చచ్చుబడ్డవాళ్లు రెండో మెట్టు. మగత కమ్మి, పిలిస్తే కళ్లు తెరిచేవాళ్లు మూడో మెట్టు. పూర్తిగా స్పృహ తప్పినవాళ్లు నాలుగో మెట్టు. వైద్యం చేసినది ఒకే ఆసుపత్రి. వేసినది ఆ షంటే. మొదటి మెట్టులో వచ్చినవాళ్లలో పోయినవారు నూటికి 20. రెండో మెట్టులో దాదాపు 35. మూడో మెట్టులో సుమారు 52. నాలుగో మెట్టులో వచ్చినవాళ్లలో ఒక్కరూ దక్కలేదు.

ఆ మెట్ల విభజన ఈనాటికీ వేలూరు పేరుతోనే ప్రపంచమంతా వైద్యులు వాడుతున్నారు. ఆ అంకెలు ఆ రోజులవి, ఇప్పుడు స్కాన్లూ మందులూ మెరుగయ్యాయి నిజమే. కాని మెట్ల వరస మారలేదు. ఆ కాగితం సంగతి నాకు తెలిసిన రోజు మా వీధి బిడ్డ గుర్తొచ్చాడు. వాడికి వచ్చింది క్షయ కాదు, పుట్టుకతో కాలువ సన్నబడడం అయ్యుండవచ్చు. అయినా ఐదో నెలలో అవ్వ తాకి చూసినప్పుడు వాడు ఏ మెట్టు మీద ఉన్నాడు? ఎనిమిదో నెలలో బండి ఎక్కినప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు?

ఇక ఈ గొట్టాల్లో రకాలేమిటో చెప్పాలి. మన ఇంట్లోనే ఈ అవసరం పడితే డాక్టరు చెప్పేది బోధపడాలి గదా. మొదట్లో మెడనరం గుండా గుండె గదికి వేసేవాళ్లని చెప్పాను. దాంట్లో రెండు చిక్కులు. బిడ్డ పెరిగేకొద్దీ గొట్టం పొట్టిదైపోయి పైకి జరిగేది. చీము పడితే నేరుగా రక్తంలో కలిసేది, మూత్రపిండాలు చెడేవి. సిలికోన్ గొట్టాలు వచ్చాక 1960ల చివరినుంచి కడుపులోకి వేయడమే ఎక్కువైంది. చెవి వెనకనుంచి మెడ, రొమ్ము మీదుగా చర్మం కిందుగా వచ్చి, పేగుల చుట్టూ ఉండే సంచిలోకి దిగుతుంది. పెరిగే పిల్లలకు సరిపోయేట్టు కడుపులో కొంత గొట్టం చుట్టగా ఎక్కువ వదిలేస్తారు. వచ్చిన నీరు అక్కడ ఇంకిపోతుంది. కడుపులో చీము, అతుకులు ఉన్నవాళ్లకు ఇప్పటికీ గుండెదారే వాడతారు.

కవాటాల్లో ఖరీదైనవీ చవకైనవీ ఉన్నాయి. బయటినుంచి అయస్కాంతంతో ఒత్తిడి మార్చుకునేవి కూడా వచ్చాయి. ఖరీదైనదే మంచిదనుకోవడం మన ఆడవాళ్లకు చీరల దగ్గర అలవాటైన లెక్క. ఇక్కడ అది పనిచేయదు. 344 మంది పిల్లల మీద మూడు రకాల కవాటాలు పోల్చి చూసి, 1998లో అచ్చువేసిన పరీక్షలో మూడిటి మధ్యా తేడా కనబడలేదు. మనవాళ్లు చేసింది ఇంకా గొప్ప. ఢిల్లీ ఆలిండియా వైద్య సంస్థలో పిల్లల శస్త్రవైద్యుడు ఉపాధ్యాయ దేశవాళీ షంటు చేయించాడు. ఉత్తరప్రదేశ్‌లో డాక్టర్ ఛాబ్రా ఇంకొకటి చేశాడు, అది షాజహాన్‌పూర్‌లో తయారవుతుంది. ఆఫ్రికాలోని ఉగాండాలో బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికా డాక్టరు 195 మంది పిల్లల మీద ఈ ఛాబ్రా షంటునూ, విదేశీ షంటునూ పోల్చి 2005లో ఫలితం చెప్పాడు. మనది 35 డాలర్లు, వాళ్లది 650 డాలర్లు. ఏడాది తిరిగేసరికి ఫలితంలో తేడా లేదు. డబ్బు లేదని ఆగిపోయిన తల్లులకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

అటకెక్కిన మిక్స్టర్ విద్య సంగతి చెబుతానన్నాను. సన్నటి కెమెరా గొట్టాలు వచ్చాక 1990లలో అది మళ్లీ దిగింది. మూడో గది అడుగున చిల్లు వేస్తే కొందరు పిల్లలకు షంటే అక్కర్లేదు. ఒంట్లో పరాయి వస్తువు ఉండదు. కాలువ మూసుకుపోయిన, కాస్త పెద్ద పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. ఆరు నెలలలోపు పసికందులకు అంతగా కాదు. ఆ వార్ఫే ఉగాండాలో చిల్లు వేయడంతోపాటు నీరు ఊరే కండను కాల్చి చూశాడు. అక్కడే 100 మంది పసిపిల్లల మీద చేసి 2017లో ప్రకటించిన పరీక్షలో, ఏడాది తరవాత బుద్ధి వికాసంలో ఆ పద్ధతికీ షంటుకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఏది మంచిదని మనం అడిగితే, ఏ బిడ్డకు అని డాక్టరు అడుగుతాడు. అది తప్పించుకునే జవాబు కాదు.

షంటు వేశాక పని అయిపోయిందనుకోవద్దు. ఇక్కడే మన గృహిణుల పని మొదలవుతుంది. నేను చెప్పిన 1998 పరీక్షలోనే, రెండేళ్లు తిరిగేసరికి సగానికి పైగా షంట్లు ఏదో ఒక తంటా తెచ్చాయి. మూసుకుపోతాయి, తెగుతాయి, చీము పడతాయి. రెండోసారి ఆపరేషనంటే మొదటిది చెడగొట్టారని కాదు. గొట్టం గుణమే అది. చీము పట్టకుండా ఉండేందుకు మందు పట్టించిన గొట్టాలు వచ్చాయి. బ్రిటన్, ఐర్లండులలో 1600 మందికి పైగా రోగుల మీద చేసి 2019లో ప్రకటించిన పరీక్షలో మామూలు గొట్టాలకు నూటికి 6 మందికి చీము పడితే, వీటికి నూటికి 2. కాబట్టి షంటు ఉన్న బిడ్డ వాంతులు చేసుకుంటే, మగతగా ఉంటే, మాడు బిగిస్తే, గొట్టం వెంబడి ఎర్రబడితే, కారణం తెలియని జ్వరం వస్తే, అజీర్తి అని వాము నీళ్లు పట్టిస్తూ కూర్చోకండి. ఆ పూటే తీసుకుపోండి.

షంటు లేని బిడ్డ తల సంగతి కూడా మనమే చూడాలి. కుట్టుమిషను టేపు చాలు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది. మొదటి మూడు నెలలు నెలకు దాదాపు 2 సెంటీమీటర్లు పెరుగుతుంది, తరవాత తగ్గుతుంది, ఏడాదికి సుమారు 46. నెలకోసారి కొలిచి కాలెండరు మీద రాసుకోండి. ఒక నెల గబుక్కున ఎక్కువ పెరిగితే పెద్ద తల రాజయోగం అనుకోకుండా డాక్టరుకు చూపండి. ఇక కడుపుతో ఉండబోయే అమ్మాయిలున్న ఇళ్లలో ఇంకొకటి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు నెల తప్పాక కాదు, నెల తప్పకముందే మొదలుపెట్టాలి. వెన్ను తెరుచుకుని పుట్టే బిడ్డల్ని అవి చాలావరకు తగ్గిస్తాయని 1991లో ఇంగ్లండునుంచి వచ్చిన పరీక్షలో తేలింది. వెన్ను అట్లా ఉన్న బిడ్డల్లో చాలామందికి తలలో నీరు కూడా చేరుతుంది, హోల్టర్ కొడుకులాగా.

దూరం సంగతి ఇప్పుడు నయం. తిరుపతిలో 1993లో స్విమ్స్ ఆసుపత్రి తెరిచారు. కుప్పంలో 2000 తరవాత వైద్యకళాశాల, పెద్ద ఆసుపత్రి వచ్చాయి. బెంగుళూరులో నిమ్హాన్స్ ఉండనే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, మధ్యలో పేర్లు మారినా, బీదవాళ్లకు ఈ ఆపరేషన్ ఖర్చు భరిస్తోంది.

ఈ మధ్య పుంగనూరు వెళ్లినప్పుడు ఆ బిడ్డ తల్లిని చూశాను. కొడుకు పెద్దవాడయ్యాడు. గొట్టం రెండుసార్లు మార్చారట. పాటలు బాగా పాడతాడు, హార్మోనియం వాయిస్తాడు. ఆమె ఆసుపత్రి చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో దాచి ఉంచింది. "ఇంగ్లీషులో ఉండాయి, ఎవుర్నీ అడగలేదు, చూడు తల్లీ" అని నా ముందు పెట్టింది. అన్నిటికన్నా కింద ఉన్న చీటీ కళ్ల డాక్టరుది. రెండు కళ్లకూ చూపునరం ఎండిపోయింది, వెలుతురు కూడా తెలియడం లేదు అని రాసి ఉంది. దాని మీద తేదీ ఆపరేషనుకు మూడు రోజుల ముందుది. ఆమెకు చదివి చెప్పాను. ఆమె ఆ చీటీని విడిగా తీసి, మడిచి, బొడ్లో దోపుకుంది.